అడిగిన రికార్డు ఇంటికి రాకపోతే: విజయవాడ, గుంటూరులో ఆర్టీఐ సేవకు మార్కులు

పది రూపాయల ఫీజు, ఒక తెల్లకాగితం, ముప్పై రోజుల గడువు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. చట్టంలో చదివితే ఈ సేవ ఇంత తేలిక. దరఖాస్తు కొట్టిపెట్టేవాళ్లు కోర్టుల దగ్గర డీటీపీ షాపుకొకరు దొరుకుతారు. నెల దాటినా కవరు రాలేదు, ఏం చేయమంటారని అడిగితే మాత్రం "మళ్లీ ఇంకోటి పెడదాంలెండి" అంటారు. రికార్డు చేతికి రాకుండా పోయేది ఎక్కువగా ఆ సలహా దగ్గరే.

మార్కులు ముందే చెప్పేస్తాం. దరఖాస్తు పెట్టే దశకు ఐదుకు నాలుగు. జవాబు వచ్చే దశకు రెండు. మొదటి అప్పీలుకు మూడున్నర, జనం వాడుకోకుండా వదిలేస్తున్నది దీన్నే. సమాచార కమిషన్‌కు ఉన్న అధికారాలను చూస్తే నాలుగు, పట్టే కాలాన్ని చూస్తే ఒకటిన్నర.

కొత్త దరఖాస్తు ఎందుకు వద్దంటున్నామంటే, పెట్టగానే అధికారికి మరో ముప్పై రోజులు మీరే ఇచ్చినట్టు. ఈలోపు పాత దరఖాస్తు మీద అప్పీలుకు ఉన్న గడువు అయిపోతుంది. గడువులోగా జవాబు ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క అని సెక్షన్ 7(2) చెబుతోంది. అంటే జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే, దాని మీద అప్పీలు వేయొచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి 'నా ఆర్టీఐకి జవాబు రాలేదు' అని అర్జీ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అర్జీకి నంబరు వస్తుంది, ఎండార్స్‌మెంటు కూడా వస్తుంది. కానీ అది ఆర్టీఐ అప్పీలు కాదు, దాని వల్ల గడువులో ఒక్క రోజు కూడా మీకు కలిసిరాదు.

అప్పీలుకు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కాగితం ఎక్కడ ఆగింది? ఆగడానికి నాలుగు చోట్లున్నాయి. మీ దరఖాస్తు ఆఫీసుకు చేరకపోయి ఉండొచ్చు. చేరినా వేరే ఆఫీసుకు మళ్లించి ఉండొచ్చు. ఫీజు కట్టమని లెటరు రాసి మీ కోసం చూస్తూ ఉండొచ్చు. లేదా జవాబు పంపేశారు, అది మీ గుమ్మం దాకా రాలేదు.

మొదటిది చేరిందో లేదో. చేత్తో ఇస్తే తపాలు సెక్షన్‌లో రెండో కాపీ మీద ముద్ర వేయించుకుంటారు. ఆ ముద్రను అక్కడే నిలబడి చదవండి. ఊదా రంగు ఇంకు సగం ఎండిపోయి ఆఫీసు పేరు మాత్రం పడి, తేదీ గళ్లలో అంకె కనబడదు. పక్కన ఒక గీత లాంటి పొట్టి సంతకం ఉంటుంది, ఎవరిదో తెలియదు. ఆరు నెలల తర్వాత కమిషన్ ముందు ఆ కాపీ పెడితే తేదీ మీదే వాదన మొదలవుతుంది. కాబట్టి తేదీ పెన్నుతో రాయించుకోండి, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. 'తర్వాత వేస్తాం, వెళ్లండి' అంటే ఆ కాపీ పట్టుకుని పోస్టాఫీసుకు నడవడం మేలు.

పోస్టులో పంపేవాళ్లకు ఒక మార్పు తెలియాలి. దేశంలో ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. 'రిజిస్టర్డ్ విత్ ఏడీ' (అందినట్టు సంతకం చేసిన కార్డు వెనక్కి వచ్చేది) అని అలవాటుగా అడిగితే కౌంటర్లో స్పీడ్ పోస్టే చేస్తారు. చిరునామాదారుకే అందించాలన్న రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కావాలంటే విడిగా చెప్పి అడగాలి. రసీదు మీద పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది. ముందు రెండు ఇంగ్లిషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. దాన్ని ట్రాకింగ్‌లో కొట్టి, 'డెలివర్డ్' అని కనబడిన రోజే ప్రింటు తీసుకోండి. కొన్నాళ్లు పోతే ఆ వివరం సైట్లో కనబడదు. థర్మల్ కాగితం రసీదు కూడా ఏడాది తిరిగేసరికి తెల్లబడుతుంది, జిరాక్స్ తీసి ఉంచండి.

కవరు మీద అధికారి పేరు రాయకండి. ఆయనకు బదిలీ అయితే ఆ కవరు ఆయన వెంటే కొత్త ఊరికి వెళ్తుంది, లేదంటే విప్పకుండా బల్ల సొరుగులో ఉంటుంది. 'పౌర సమాచార అధికారి' అని హోదా, కింద ఆఫీసు పేరు, పైన 'సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు' అని ఉంటే చాలు.

ఫీజు దగ్గర రెండు పొరపాట్లు మళ్లీమళ్లీ కనబడతాయి. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఇది 2005లో ఇచ్చిన జీవో 454లోని లెక్క, కాపీకి ఏ4 పేజీకి 2 రూపాయలన్నదీ అందులోనే ఉంది. రాష్ట్ర ఆఫీసులకు కోర్టు ఫీ స్టాంపు అంటించి పంపడం ఇక్కడ బాగా అలవాటు. అదే స్టాంపు అంటించి రైల్వే డివిజన్‌కో, బ్యాంకుకో, పీఎఫ్ ఆఫీసుకో, పాస్‌పోర్టు ఆఫీసుకో పంపితే ఫీజు కట్టనట్టే. అవి కేంద్రం కిందివి. వాటి 2012 నిబంధనల్లో నగదు, డీడీ, బ్యాంకర్స్ చెక్కు, పోస్టల్ ఆర్డరు, ఆన్‌లైన్ చెల్లింపు ఉన్నాయి, కోర్టు ఫీ స్టాంపు లేదు. పోస్టల్ ఆర్డరు మీద 'అకౌంట్స్ ఆఫీసర్' అని రాయాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఏ ఫీజూ లేదు, కార్డు జిరాక్స్ జత చేస్తే సరి. 'నాకు ఫీజు లేదు' అని ఒక్క వాక్యం రాసి కార్డు పెట్టడం మరిచిపోతే మాత్రం దరఖాస్తు పక్కన పెట్టడానికి కారణం మీరే ఇచ్చినట్టు.

రెండో చోటు, మళ్లింపు. ఈ ప్రాంతంలో ఇది మామూలు కంటే ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది, పాత కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నమే. పాత గుంటూరు జిల్లా నుంచి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు వచ్చింది, గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో బాపట్ల కేంద్రంగా మరో జిల్లా వచ్చింది. 2015 నాటి ఫైలు అడిగితే అది పాత జిల్లా కేంద్రంలోని రికార్డు రూములో ఉండొచ్చు, కొత్త జిల్లాకు పంపిన కట్టల్లోనూ ఉండొచ్చు. లేఅవుట్లు, ప్లాన్ల సంగతీ అంతే. జనం ఇప్పటికీ 'ఉడా ప్లాను' అంటారు గానీ, ఆ వీజీటీఎం ఉడా (విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) స్థానంలో 2014 చివర్లో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వచ్చింది. పాత ప్లాను ఫైలు ఇప్పుడు సీఆర్‌డీఏ దగ్గర వెతకాలో, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో వెతకాలో అది మంజూరైన తేదీని బట్టి, ఆ ఊరు అప్పట్లో ఎవరి పరిధిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

'మా దగ్గర లేదు' అని దరఖాస్తు తిప్పి పంపడం చట్టంలో లేదు. సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకు మళ్లించి, మీకూ ఆ సంగతి తెలపాలి. ఆ లెటరు దాచుకోండి. మళ్లిన ఆఫీసులో మీ దరఖాస్తు అందిన తేదీ నుంచి గడువు చూస్తారు, అప్పీలు కూడా ఆ ఆఫీసులోనే వేయాలి. పాత ఆఫీసు మీద అప్పీలు వేసి రెండు నెలలు పోగొట్టుకోవడం ఇక్కడ సర్వసాధారణం. దరఖాస్తులోనే 'ఈ రికార్డు మీ పరిధిలో లేకపోతే 6(3) కింద మళ్లించి నాకు తెలపండి' అని ఒక వాక్యం రాయండి. మండలం, గ్రామం పేర్లతో పాటు 2022కు ముందు జిల్లా పేరు, ఇప్పటి జిల్లా పేరు రెండూ రాయండి.

మూడో చోటు ఫీజు లెటరు. నిజానికి గడువు లెక్కలన్నీ తప్పేది ఇక్కడే, కాబట్టి తేదీలతో చూద్దాం. దరఖాస్తు మార్చి 3న అందింది. మార్చి 20న '64 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 128, పోస్టు ఖర్చు అదనం, కట్టండి' అని లెటరు బయల్దేరింది. అప్పటికి పదిహేడు రోజులు ఖర్చయ్యాయి. మీరు మార్చి 31న కట్టారు. మధ్య పదకొండు రోజులు గడువులో లెక్కకు రావు. మిగిలిన పదమూడు రోజులు మార్చి 31 నుంచి లెక్కిస్తే ఏప్రిల్ 13 దాకా. ఆ రోజుకీ కాపీలు రాకపోతే మీ అప్పీలు గడువు మొదలవుతుంది, మే 13 దాకా ఉంటుంది. ఫీజు లెటరు వచ్చిందని తెలియక ఏప్రిల్ 2నే అప్పీలు వేస్తే 'ఇంకా గడువుంది' అని కొట్టేస్తారు.

ఆ లెటరు మీద తేదీకీ, కవరు మీద పోస్టాఫీసు ముద్రకూ తేడా ఉంటుంది. గడువు ఆగేది లెటరు పంపిన రోజు నుంచి, టైపు చేసిన రోజు నుంచి కాదు. లెటరు మార్చి 20ది, ముద్ర ఏప్రిల్ 6ది అయితే అప్పటికే ముప్పై రోజులూ దాటిపోయాయి. దాటాక కాపీలు ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతోంది. ఈ పాయింటు నిలబడేది ఆ కవరు మీదే, కాబట్టి కవరు పారేయకండి. ఇంకోటి, ఫీజు లెటర్లో లెక్క వివరంగా ఉండాలి. ఎన్ని పేజీలో చెప్పకుండా 'రూ. 500 కట్టండి' అని వస్తే లెక్క చూపమని రాతపూర్వకంగా అడగొచ్చు, అప్పీలూ వేయొచ్చు. కట్టేటప్పుడు నగదైతే రసీదు తీసుకుని, ఆ రసీదు జిరాక్స్‌తో 'ఫలానా తేదీన కట్టాను' అని ఒక కవరింగ్ లెటరు తపాలు సెక్షన్‌లో ఇవ్వండి. డబ్బు క్యాషియర్ దగ్గరా, ఫైలు గుమస్తా దగ్గరా ఉంటాయి, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియక ఫైలు అక్కడే ఆగుతుంది.

నాలుగోది, పంపారు గానీ రాలేదు. ఇందులో ఆఫీసు తప్పెంతో చిరునామా తప్పూ అంతే. గుంటూరు బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. దాన్ని డోర్ నంబరుతో కలిపి ఒకే వరసలో రాస్తే టైపిస్టు గీత ఎగరగొడతాడు, 414 అవుతుంది. 'బ్రాడీపేట 4వ లైను, 14వ అడ్డరోడ్డు, గుంటూరు 522002' అని విడదీసి రాయండి. కృష్ణకు అవతల తాడేపల్లిలో ఉంటూ చిరునామాలో విజయవాడ అని రాసేవాళ్లు చాలామంది. తాడేపల్లి పిన్ 522501, గుంటూరు జిల్లా. 520తో మొదలయ్యే విజయవాడ పిన్ వేస్తే కవరు నది దాటి మళ్లీ వెనక్కి రావాలి. ఫోన్ నంబరు రాయండి, తప్పనిసరి కాదు గానీ పోస్ట్‌మన్‌కు పనికొస్తుంది.

'పంపేశాం' అని ఫోన్లో చెబితే డిస్పాచ్ నంబరు, తేదీ, స్పీడ్ పోస్టు నంబరు అడగండి. ఇవ్వకపోతే అప్పీల్లోనే ఫలానా తేదీ డిస్పాచ్ రిజిస్టరు పేజీ, స్టాంపుల అకౌంటు పేజీ చూపించమని కోరండి. సాధారణ పోస్టులో పంపామంటే అందిందని రుజువు చేయడం వాళ్లకే కష్టం. సెక్షన్ 19(5) ప్రకారం నిరాకరణ సబబేనని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా సమాచార అధికారిదే.

జవాబు వచ్చి, రికార్డు రాని సందర్భాలు వేరే రకం. వీటిలో 'ఫైలు లభ్యం కాలేదు' అన్నది పెద్దది. ఇవ్వనక్కర్లేని సమాచారం ఏదో సెక్షన్ 8లో రాసి ఉంది, అందులో 'దొరకలేదు' అన్న కారణం లేదు. ఢిల్లీ హైకోర్టు 2013లో విశ్వాస్ భంబుర్కర్ కేసులో ఇదే చెప్పింది. ఒకప్పుడు ఉన్న రికార్డు కనబడకపోతే గట్టిగా వెతకాలి, విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలి. ఈ జవాబు వస్తే అప్పీల్లో మూడు విషయాలు అడగాలి: ఫైలు ఎవరి చేతిలో చివరిగా ఉందో చూపే పర్సనల్ రిజిస్టరు పేజీ, రికార్డు రూము ఇండెక్సు, ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు. పాత రెవెన్యూ పద్ధతిలో నడిచే ఆఫీసుల్లో గుమస్తాకు వచ్చిన ప్రతి కాగితం పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. ముగిసిన ఫైలు నంబరు పక్కన ఆర్.డిస్. అనో ఎల్.డిస్. అనో రాస్తారు. ఎల్.డిస్. తొందరగా తీసేసేది, ఆర్.డిస్. దాచి ఉంచాల్సింది. ఆర్.డిస్. అని రాసి ఉన్న ఫైలు కనబడలేదంటే అప్పీలు అధికారి కూడా తేలిగ్గా తీసుకోడు. ఈ-ఆఫీసు వచ్చాక మొదలైన ఫైళ్లకు కంప్యూటర్ నంబరు ఉంటుంది. ఆ ఫైలు ఎప్పుడు ఎవరి దగ్గర ఆగిందో అందులోనే కనబడుతుంది, ఆ కదలికల ప్రింటవుటు అడగండి.

'ఇది థర్డ్ పార్టీ సమాచారం' అన్నదీ తరచుగా వచ్చే మాటే. మూడో వ్యక్తి ఒప్పుకోకపోతే అంతటితో ఆగిపోవాలని చట్టంలో లేదు. సెక్షన్ 11 ప్రకారం అధికారి అయిదు రోజుల్లో అతనికి నోటీసు ఇవ్వాలి, అతనికి పది రోజులు గడువు, మొత్తం నలభై రోజుల్లో నిర్ణయం అధికారే తీసుకోవాలి. నోటీసు ఇచ్చారా, ఇస్తే కాపీ ఏదని అడగండి. వ్యక్తిగత సమాచారం పేరుతో 8(1)(జె) రాస్తే కాస్త జాగ్రత్త. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ క్లాజును బాగా కుదించేసింది, పాత క్లాజులో ఉన్న ప్రజాప్రయోజనం మినహాయింపు అందులో లేదు. కానీ 8(2) అలాగే ఉంది, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని. ఇకమీదట వాదన అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి మిగతాది సెక్షన్ 10 కింద ఇవ్వమని అడిగితే పని సులువవుతుంది.

'మీరు ప్రశ్న అడిగారు, రికార్డు కాదు' అని వస్తే తప్పు చాలాసార్లు మనదే. సమాచారం తయారుచేసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదని, ఉన్నదే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది. 'మా వీధి డ్రైనేజీ ఎందుకు కట్టలేదు' అంటే జవాబు రాదు. 'ఫలానా వీధి డ్రైనేజీ పని అంచనా, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు, చెల్లింపు వోచర్ల నకళ్లు' అంటే కాగితాలు వస్తాయి. ఫైలు అడిగేటప్పుడు నోట్ ఫైలు, కరెంట్ ఫైలు రెండూ అని రాయండి. కరెంట్ ఫైల్లో వచ్చిన లెటర్లుంటాయి, ఎవరు ఏమన్నారో, ఎవరు ఆపారో రాసేది నోట్ ఫైల్లోనే. రెండూ అని రాయకపోతే ఒకటే ఇచ్చి పంపుతారు.

ఇక మొదటి అప్పీలు. మూడున్నర మార్కులు ఇచ్చింది దీనికే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. సమాచార అధికారికి పైస్థాయి అధికారి వింటాడు. ఆయన హోదా ఆఫీసు బోర్డు మీద ఉండాలి, జవాబు వచ్చి ఉంటే ఆ లెటర్లోనూ ఉండాలి. తెలియకపోతే 'మొదటి అప్పీలు అధికారి, సమాచార హక్కు చట్టం' అని ఆఫీసు చిరునామాకే పంపండి. గడువు ముప్పై రోజులు. దాటితే తగిన కారణం రాసి క్షమించమని అడగొచ్చు గానీ, కారణం నిజంగా ఉండాలి.

అందులో రాయాల్సింది తక్కువ. దరఖాస్తు తేదీ, అందిన తేదీ, ఫీజు వివరం, ఏ నంబరు పాయింటుకు జవాబు రాలేదు, ఏం కోరుతున్నారు. కోరికల్లో మూడు ఉండాలి: రికార్డు ఇప్పించండి, గడువు దాటింది కాబట్టి 7(6) కింద ఉచితంగా ఇప్పించండి, నన్ను విచారణకు పిలవండి. చెడిపోయేది ఎక్కడంటే, అప్పీల్లో కొత్త సమాచారం అడుగుతారు. మొదటి దరఖాస్తులో లేనిది అప్పీల్లో అడిగితే ఆ ముక్క వరకు కొట్టేస్తారు, కొందరు అధికారులు అది చూపించి మొత్తం పక్కన పెడతారు. ఫలానా గుమస్తా లంచం అడిగాడన్న ఫిర్యాదు ఇందులో కలపకండి, దాని దారి వేరు. ముప్పై రోజుల్లో తేల్చాలి, కారణాలు రాతపూర్వకంగా చూపితే నలభై అయిదు రోజుల దాకా. అనుభవంలో తేలింది ఏమిటంటే, కవరు సెక్షన్‌కు చేరిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. పై అధికారి ఫైలు తెప్పించుకున్నాడంటే కింద బల్ల సర్దుకుంటుంది.

అది కూడా విఫలమైతే రెండో అప్పీలు, తొంభై రోజుల్లో. రాష్ట్ర ఆఫీసులకైతే ఆంధ్రప్రదేశ్ సమాచార కమిషన్ మంగళగిరి దగ్గర ఉంది. గుంటూరు నుంచైనా బెజవాడ నుంచైనా హైవే మీదే, చేత్తో ఇచ్చి ముద్ర వేయించుకునే వీలు ఈ రెండు ఊళ్లవాళ్లకే ఉంది. కేంద్ర ఆఫీసులకు కేంద్ర సమాచార కమిషన్, ఢిల్లీలో. జతచేయాల్సినవి: దరఖాస్తు, ఫీజు రుజువు, జవాబు వస్తే అది, మొదటి అప్పీలు, దాని మీద ఉత్తర్వు వస్తే అది, పోస్టు రసీదులు, ట్రాకింగ్ ప్రింట్లు, పేజీ నంబర్లతో ఇండెక్సు. సమాచార అధికారికి, మొదటి అప్పీలు అధికారికి ఒక్కో కాపీ పంపినట్టు రుజువు కూడా పెట్టండి. ఏదో ఒకటి లేదని వెనక్కి పంపితే మళ్లీ వరసలో చివరికి వెళ్తారు.

ఇక్కడ జనం తికమకపడేది సెక్షన్ 18, సెక్షన్ 19. ఫిర్యాదు 18, అప్పీలు 19. మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు 2011లో తేల్చింది: 18 కింద వేస్తే జరిమానా దాకా వెళ్లొచ్చు గానీ, రికార్డు ఇమ్మని ఉత్తర్వు రాదు. రికార్డు కావాలంటే 19(3) కింద అప్పీలే. జరిమానా సెక్షన్ 20 ప్రకారం రోజుకు 250 రూపాయలు, గరిష్ఠం 25,000. అది అధికారి నుంచి వసూలవుతుంది, మీకు రాదు. మీకు జరిగిన నష్టానికి పరిహారం 19(8)(బి) కింద విడిగా అడగాలి, ఖర్చుల రసీదులు చూపాలి. అధికారాలకు నాలుగు మార్కులు ఇందుకే. నంబరు పడ్డాక వాయిదా రావడానికి నెలలు పట్టొచ్చు, ఒకటిన్నర మార్కు దానికి. నోటీసు ఏ చిరునామాకు వస్తుందో చూసుకోండి, మధ్యలో ఇల్లు మారితే కమిషన్‌కు రాయండి.

అసలు ఆర్టీఐ అవసరమా అన్నది కూడా చూసుకోవాలి. రిజిస్టర్ అయిన దస్తావేజు నకలు కోసం ఆర్టీఐ పెడితే కాలం దండగ. రిజిస్ట్రేషన్ చట్టం 57 కింద సబ్ రిజిస్ట్రారు దగ్గర సీసీకి (సర్టిఫైడ్ కాపీకి) దరఖాస్తు పెడితే ఒకటో పుస్తకంలోని, అంటే స్థిరాస్తి దస్తావేజుల రిజిస్టరులోని దస్తావేజుకు ఎవరికైనా ఇస్తారు. భూమి రికార్డులైన అడంగల్, 1-బీ మీభూమి వెబ్‌సైట్లో కనబడతాయి. కోర్టు రికార్డుకు కాపీ అప్లికేషనే. ప్రభుత్వ రికార్డు సర్టిఫైడ్ నకలు ఫీజు కట్టి అడిగే హక్కు పాత సాక్ష్యాధారాల చట్టంలో సెక్షన్ 76, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 75. కోర్టులో దాఖలు చేసేందుకైతే ఆ దారిలో తెచ్చిన నకలు మేలు.

పేజీలు వందల్లో ఉంటే నకళ్లు అడగకుండా తనిఖీ అడగండి, సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇచ్చింది. రాష్ట్ర ఆఫీసుల్లో మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి పావుగంటకు 5 రూపాయలు. కేంద్ర ఆఫీసుల్లో మొదటి గంట తర్వాత గంటకు 5. వెళ్లేటప్పుడు దరఖాస్తు కాపీ, గుర్తింపు కార్డు, తెల్లకాగితాలు పట్టుకెళ్లండి. ఫైలు విప్పగానే పేజీలకు నంబర్లు వేసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే 'నంబర్లు లేని ఫైలు చూపించారు, మొత్తం ఇన్ని కాగితాలు' అని కాగితం మీద రాసి, ఎదురుగా కూర్చున్న ఉద్యోగి చేత సంతకం పెట్టించుకున్నాకే చదవడం మొదలుపెట్టండి. కావాల్సిన పేజీల నంబర్లు రెండు కాపీల్లో రాసి ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మళ్లీ ఆ ఊదా ఇంకు ముద్రే, తేదీ కనబడుతోందో లేదో చూసుకునే బయటికి రండి.